దమ్ము చక్రాలు

రేపల్లెలో నేను వెల్డింగు షెడ్డు పెట్టుకున్న కొత్తలో చిన్న ట్రాక్టరు రోడ్డు మీద కనిపిస్తే జనం సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు. పెద్ద ట్రాక్టర్లు అప్పటికే అక్కడక్కడా ఉన్నాయి గానీ, మా వైపు మడులు చిన్నవి, గట్లు సన్నవి. పెద్ద బండి తిరగడానికి చోటు చాలేది కాదు. అరవైల చివర్లో ఈ చిన్న బండ్లు రావడం మొదలయ్యాక రైతులకు ఆశ పుట్టింది. బండి అయితే వచ్చింది, దాని వెనక తగిలించే సామాను మాత్రం మా నేలకు నప్పేది కాదు. ఎక్కడో మెట్ట భూముల కోసం చేసిన గొర్రులు, నాగళ్ళు. మా మాగాణిలో దింపితే కొన్ని వంగేవి, కొన్ని విరిగేవి. వాటిని కోసి, అతికి, మా చేలకు తగ్గట్టు మార్చడమే నా బతుకుతెరువు అయింది.

అంతకుముందు ఎనిమిదేళ్ళు తెనాలిలో ఒక లేతు మిషను షాపులో పనిచేశాను. అక్కడి మేస్త్రీ నాకు పని నేర్పినంత కాలం ఒకే మాట చెప్పేవాడు: "నువ్వు అతికింది విరక్కూడదు. అంతే." నాకు ఆ మాటే వేదం. నేను చేసిన వస్తువు విరగకపోతే నా పని బాగున్నట్టేనని చాలా ఏళ్ళు నమ్మాను.

దమ్ము చక్రాల పని బాపట్ల వైపు మొదలైంది. నాట్లకు ముందు మడికి నీళ్ళు పెట్టి, మట్టిని బురదగా కలపడాన్ని దమ్ము చేయడం అంటాం. రబ్బరు టైర్లతో ఆ బురదలో దిగితే ట్రాక్టరు ఉన్నచోటే తిరుగుతుంది. అందుకని టైర్లు విప్పేసి, వాటి స్థానంలో చుట్టూ పళ్ళున్న ఇనుప చక్రాలు బిగిస్తారు. బాపట్ల దగ్గర రైతు ఒకాయన తన చిన్న ట్రాక్టరుకు అలాంటి జత ఒకటి చేసిపెట్టమన్నాడు. కమ్మీలు గుండ్రంగా వంచి, వాటి మీద యాంగ్లరు అనే మూల మడత ఇనుప బద్దల ముక్కలు పళ్ళలాగా అతికాను. బండి తేలిక కాబట్టి బురదలో పట్టు దొరకాలని పళ్ళు బెత్తెడున్నర పొడుగు పెట్టాను. నిటారుగా, కొసలు పదునుగా.

ఆ చక్రాలు అక్కడ అద్భుతంగా నడిచాయి. ఇసక కలిసిన నేల, తక్కువ నీళ్ళు. బండి ఒక్కచోట కూడా ఆగలేదు. ఆ రైతు సంతోషపడి, ఒక గోతాం చిలగడదుంపలు బస్సు మీద వేయించి మరీ పంపించాడు. నెల తిరక్కుండా నా పేరు చుట్టుపక్కల పాకింది. ఆ మాట విన్న వాళ్ళలో భట్టిప్రోలు రైతు ఒకాయన. ఆయనకు కాలవ కింద పాతిక ఎకరాల మాగాణి ఉంది. అచ్చం అలాంటి జతే కావాలన్నాడు. అచ్చం అలాంటి జతే చేసిచ్చాను. ఇనుప చక్రాలతో ట్రాక్టరు రోడ్డెక్కకూడదు కనుక, ఆ చక్రాలు ఎద్దుబండి మీద ఊరేగుతూ భట్టిప్రోలు వెళ్ళాయి. ఆయన పొలంలోకి వెళ్ళి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. నేలను చూడటం నా పని కాదనుకున్నాను.

వారం గడిచిందో లేదో, ఒక పొద్దున ఆ రైతు షెడ్డు ముందు బస్సు దిగాడు. పంచె మోకాళ్ళ దాకా బురద.

"మేస్త్రీ, నీ చక్రాలు నా కొంప ముంచినయ్యయ్యా!"

"ఏంటండీ, విరిగినయ్యా?"

"విరగటానికేం, రాళ్ళలాగా ఉన్నయ్. ఊడ్పుల ముఠా, ఆ నాట్లేసే ఆడాళ్ళే, మళ్ళో దిగమంటున్నారు. మొన్న ఒకామెకి కాలు తిరిగిందంట. ఇక చూస్కో, మిగతా పదమూడు మందీ గట్టు మీదే కూర్చున్నారు. పీకిన నారు పీకినట్టే ఎండకి వాడిపోతోంది."

విరగలేదన్న మాటే నా చెవికెక్కింది. కాలు తిరిగిన సంగతి అంతగా ఎక్కలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, ఆ పూట నేను ఆయనతో అన్నది ఇది: "యంత్రమొస్తే తమ పని పోతుందని ఎద్దుల అరకల వాళ్ళు ఆడాళ్ళకి ఎక్కించి ఉంటారండి." ఆయన కూడా "అంతేలే" అన్నాడు. ఇద్దరం బస్సెక్కాం.

పొలం దగ్గరకు వెళ్ళేసరికి ఆడవాళ్ళు గట్టు పొడుగునా వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కన నారు కట్టల గుట్టలు. కొసలు అప్పటికే పసుపు తిరుగుతున్నాయి. ట్రాక్టరు అవతలి మడిలో ఆగి ఉంది. డ్రైవరు బానెట్ మీద తలగుడ్డ ఆరేసుకున్నాడు. ముఠా పెద్ద యాభై దాటిన మనిషి. పలచటి ఒళ్ళు, కొంగు నడుముకు బిగించి ఉంది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"చక్రాలు చేసింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా."

"అయితే ఈ కట్టలు పట్టుకో." రెండు నారు కట్టలు నా చేతుల్లో పెట్టింది. "ఆ మధ్య దాకా ఎళ్ళి మళ్ళీ ఇటు రా. నువ్వు తిరిగొస్తే మేం దిగుతాం."

రైతు అడ్డం వచ్చాడు. "ఆయన మేస్త్రీనే. నాటేసే మనిషి కాదు."

"మీరుండండి బాబుగారూ. ఊడవమన్లేదు. నడవమన్నాం."

అంతమంది చూస్తుంటే వెనక్కి తగ్గడం నామోషీ అనిపించింది. చెప్పులు గట్టు మీద వదిలి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి దిగాను. అయిదడుగులు బాగానే వేశాను. ఆరో అడుగు ట్రాక్టరు చక్రం నడిచిన జాడలో పడింది. కుడికాలు తొడ దాకా దిగబడిపోయింది. ఎడమకాలు గట్టి నేల మీదే ఉండిపోయింది. ఒళ్ళు ఒక పక్కకు ఒరిగింది, మోకాలు ఇంకో పక్కకు తిరగబోయింది. కట్టలు ఎగిరి ఎక్కడో పడ్డాయి. రెండు చేతులూ మోచేతుల దాకా బురదలో ఆనించి నిలదొక్కుకున్నాను.

గట్టు మీద నవ్వులు వినిపించాయి. నేను కాలు లాక్కోబోయి "అమ్మా" అనడంతో ఆ నవ్వులు ఆగిపోయాయి. ముఠా పెద్దే ఒక తాటిమట్టతో ముందు పొడిచి చూసుకుంటూ, అడుగు తరవాత అడుగు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"లాగమాక. లాగితే మోకాలు తిరిగిద్ది. ముందు వెనక్కి కూర్చో."

"బురదలోనా?"

"ఇంకెక్కడ కూర్చుంటావు?"

బురదలో చతికిలబడ్డాను. ఆమె నా మోకాలి చుట్టూ చేత్తో బురద తోడి, కాలి మడమ పట్టి మెల్లిగా వదులు చేసింది. కాలు బయటికి వచ్చాక కూడా నేను వెంటనే లేవలేకపోయాను. ఆమె అక్కడే నిలబడి తాటిమట్టను మూడు చోట్ల దింపి చూపించింది. చక్రాలు తొక్కని చోట జానెడు దిగి, ఠక్కున ఆగింది. చక్రం జాడలో మూరెడు పైన దిగినా ఆగలేదు.

"చూశావా? ఇక్కడ ఆగిందే, అది అడుగు. మా అత్తలు నాటిన రోజుల నుంచీ ఎడ్లు తొక్కీ తొక్కీ గట్టిపడ్డ అడుగు. దాని మీదే మేం నిలబడేది. నీ చక్రం దాన్ని ఇరగ్గొట్టింది. పైన నీళ్ళుంటయ్, కింద ఏవుందో కనపడదు. మేం వెనక్కి నడుస్తా నాటేవాళ్ళం నాయనా. వెనక్కేసే కాలికి కళ్ళుండవుగా?"

నేను ఒళ్ళంతా బురదతో గట్టెక్కాను. అప్పుడు నాకు మొదటిసారి ఆ కాలు తిరిగినామె గుర్తొచ్చింది. ఎక్కడుంటుందని అడిగాను. ముఠా పెద్ద నన్ను కాలవ పక్కనున్న ఇళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆమెకు ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చూరు కింద గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చుని ఉంది. మోకాలికి వెదురుబద్దలు పెట్టి గుడ్డతో కట్టు కట్టారు. కట్టు కింద పాదం ఉబ్బి నున్నగా మెరుస్తోంది. ఒళ్ళో చేటలో బియ్యం ఏరుతోంది. ముఠా పెద్ద నన్ను చూపించి, "చక్రాల మేస్త్రీ" అంది.

"నొప్పి ఎట్లా ఉందమ్మా?" అన్నాను.

"ఉందండి," అంది. చేట పక్కన పెట్టింది. "నలుగురు పట్టి లాగారు. అప్పుడే లోపల ఏదో టప్పుమంది."

"నేలంతా ఒకటే అనుకున్నానమ్మా. బాపట్లలో బాగానే నడిచినయ్."

ఆమె నా ప్యాంటు మీది బురద వంక చూసింది. "చక్రం చేసిందొకళ్ళు, తోలిందొకళ్ళు. దిగబడింది నేను. ఎవర్ననుకుని ఏం లాభం లెండి." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటూ అడిగింది: "మళ్ళీ అట్టనే తోలతారా?"

"తోలం," అన్నాను. రైతును అడక్కుండా నేనే మాట ఇచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి స్నానం చేశాక నా భార్యకు జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. "ఆవిడకి పిల్లలున్నారా?" అని అడిగింది. నేను కనుక్కోలేదు. "రేపు కనుక్కోండి," అంది. కనుక్కున్నాను. ఇద్దరు ఆడపిల్లలు.

మర్నాడే చక్రాలు షెడ్డుకు తెప్పించి పళ్ళు సగానికి కోసేశాను. దమ్ము లోతు తగ్గుతుంది కదా అని నా లెక్క. భట్టిప్రోలు తీసుకెళ్ళి దింపితే చక్రాలు గిర్రున తిరిగాయి తప్ప బండి జానెడు కదల్లేదు. ఉన్నచోటే తవ్వుకుంటూ కడుపు దాకా కూరుకుపోయింది. చివరికి పక్క చేలోంచి రెండు జతల ఎడ్లను తెచ్చి బయటికి లాగించాల్సి వచ్చింది. నేను అనుమానించిన ఆ ఎడ్ల వాళ్ళే మోకులు చుట్టుకుని తమ చేలోకి వెళ్ళారు, అదే ఎక్కువ కష్టంగా ఉంది. రైతు మాత్రం నోరు చేసుకున్నాడు. నారు ముదిరిపోతోంది, కాలవలో నీళ్ళు ఎన్నాళ్ళు వదులుతారో తెలియదు, ఆయన కంగారు ఆయనది.

"పాత పళ్ళే పెట్టెయ్యవయ్యా. ఆ ముఠా కాకపోతే పక్కన నగరం ఊరి నుంచి ఇంకో ముఠాని తెచ్చుకుంటా."

"వాళ్ళ కాళ్ళు మాత్రం ఇనప కాళ్ళాండీ?" అన్నాను. నేను ఒక రైతుతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన ముఖం ఎర్రబడింది. గట్టు మీద ముఠా పెద్ద వింటోంది.

"నేనొకటి చెప్పనా నాయనా?" అందామె. "మనిషి బరువు ఏలి మొన మీద నిలబడితే దిగుద్ది. అరికాలు మీద నిలబడితే అంత దిగదు. మేం బురదలో ఏళ్ళు ఇప్పార్చి నడుస్తాం, చూశావుగా."

చూడలేదు. అప్పుడు చూశాను. ఆమె మళ్ళో దిగి నడిచి చూపించింది. అయిదు వేళ్ళూ విడదీసి, పాదం బల్లపరుపుగా పెడుతోంది. తీసేటప్పుడు మాత్రం మడమ ముందు లేపి, పక్కకు ఒత్తి తీస్తోంది. అందుకే ఆ పాదం తీసినప్పుడు బురద చప్పుడు చేయలేదు.

తిరిగొచ్చి చక్రానికి ఇంకో వరస కమ్మీ అతికి వెడల్పు పెంచాను. పదును పళ్ళన్నీ తీసేసి, వాటి చోట వెడల్పాటి ఇనుప పట్టీలు ఏటవాలుగా అతికాను. అలా పెడితే ఒక పట్టీ నేలను వదిలే లోపల ఇంకోటి ఆనుతుంది. బరువంతా ఒక్కచోట పడదు. కొత్త యాంగ్లరు కోసం రైల్లో తెనాలి వెళ్ళి, నేను పని నేర్చుకున్న షాపులోనే అడిగి తెచ్చుకున్నాను. పాత మేస్త్రీ నా గీతలు చూసి, "ఇదేంట్రా, బాతు కాలు లాగా ఉంది," అన్నాడు. "అదేనండి కావాల్సింది," అన్నాను.

రెండో రోజు సాయంత్రానికి చక్రాలు మళ్ళీ పొలం చేరాయి. ముఠా పెద్ద తాటిమట్ట మీద జానెడు దగ్గర కొడవలితో గాటు పెట్టుకుని సిద్ధంగా ఉంది. బండి తిన్నగా వెళ్ళినంత మేరా బాగా నడిచింది. ఆమె వెనకే నడుస్తూ పొడిచి చూస్తూ వచ్చింది. గాటు దగ్గరే మట్ట ఆగుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మలుపు దగ్గర మాత్రం మట్ట గాటు దాటి దిగింది. డ్రైవరు ఒక చక్రానికి బ్రేకు తొక్కి బండిని గిరుక్కున తిప్పుతున్నాడు. ఆగిన చక్రం అక్కడే నేలను కోరేస్తోంది.

డ్రైవరు నలభై ఏళ్ళ మనిషి, అంతకుముందు లారీ తోలేవాడు. "మడిలో ఇట్టా కాక ఎట్టా తిప్పుతారండీ?" అన్నాడు విసుగ్గా. ఆయనదీ నిజమే. చిన్న మడిలో పెద్ద వంపు తిరిగే చోటు లేదు. చివరికి ముఠా పెద్దే తేల్చింది. నాలుగు మూలలూ ట్రాక్టరు ముట్టుకోదు. వాటిని ఎడ్ల అరకలతో చేయించాలి. రైతు కాసేపు గట్టు మీద అటూ ఇటూ తిరిగి, "సరే, కానీండి," అన్నాడు.

ఇంకొక్క చిక్కు మిగిలింది. చక్రం జాడలు లోతుగా లేకపోయినా కాలవల్లాగా కనపడుతూనే ఉన్నాయి. నీళ్ళు అక్కడ ఎక్కువ నిలిస్తే నారు మునిగి కుళ్ళిపోతుంది. దానికి నేను ఇనుము వాడలేదు. చీల్చిన తాటిదుంగ ఒకటి తీసుకుని, నున్నటి వంపు కిందికి వచ్చేలా, ట్రాక్టరు వెనక గొర్రు తగిలించే చోట రెండు గొలుసులతో వేలాడదీశాను. బండి వెళ్తుంటే అది పైపైన జారుతూ, ఎత్తుగా ఉన్న బురదను జాడల్లోకి నెట్టేది. మొదటిసారి గొలుసులు పొట్టివై దుంగ గాల్లోనే ఊగింది. రెండు లింకులు కలిపి కిందికి దించాను. ఆ తరవాత మడి పళ్ళెం మాదిరి వచ్చింది.

ముఠా పెద్ద మడంతా మూలమూలలా పొడిచి చూసింది. ఒడ్డుకొచ్చి, మట్ట గట్టుకు గుచ్చి, "దిగండే," అంది.

పద్నాలుగు మంది ఉండాల్సిన ముఠా పదమూడు మందితో దిగింది. చీకటి పడే లోపల ఒక మడి పూర్తి చేశారు. ఆ వారమంతా నేను రోజూ భట్టిప్రోలు వెళ్ళాను. చేయడానికి పెద్దగా పనేమీ లేదు, అప్పుడప్పుడు ఒక బోల్టు బిగించడం తప్ప. అయినా వెళ్ళాను.

కాలు దెబ్బతిన్నామె ఇంటికి ఆ ఏడు పంట వచ్చాక రైతు ఒక బస్తా ధాన్యం పంపించాడని విన్నాను. ఆయన్ని అడిగి పంపించేలా చేసింది ముఠా పెద్ద. మోకాలు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. తెనాలి ఆసుపత్రిలో చూపించారు గానీ, అప్పటికే ఎముక వంకరగా సర్దుకుందన్నారు. నడిచేది, వంగి వెనక్కి నడుస్తూ నాట్లు వేయడం మాత్రం ఇక కుదరలేదు.

మరుసటి ఏడు నారుమళ్ళ కాలంలో ఆమె తనే నా షెడ్డుకు వచ్చింది. చిన్న కూతురు చెయ్యి పట్టుకుని ఉంది.

"నారు పీకే పనైతే కూర్చుని చెయ్యొచ్చండి. కానీ పీటేస్తే దిగబడిపోతోంది. దిగబడకుండా ఏదైనా చేసిపెడతారా?"

రేకు ముక్క తీసుకుని అంచులు పైకి వంచి, దాని మీద చిన్న కాళ్ళతో చెక్క పీట బిగించాను. పిల్ల దాన్ని చూసి, "పడవ!" అంది. మొదటిది ఒక పక్కకు ఒరిగిపోయింది. రేకు వెడల్పు చేసి రెండోది ఇచ్చాను, అది నిలిచింది. నారుమడిలో పీట మీద కూర్చున్నందుకు మొదట్లో ఆడవాళ్ళు ఆమెను "మారాణీ" అని ఏడిపించారట. నెల తిరిగేసరికి నడుంనొప్పి ఉన్న ముసలమ్మలు ముగ్గురు అలాంటి పీటల కోసమే నా దగ్గరికి వచ్చారు.

ఆ తరవాత దమ్ము చక్రాలు ఎవరడిగినా ముందు వాళ్ళ పొలం చూసి గానీ యాంగ్లరు ముట్టుకునేవాణ్ణి కాదు. చేశాక మొదటి మడిలో నేనే దిగి నడిచేవాణ్ణి. కొందరు రైతులు నన్ను చాదస్తుడన్నారు. ఒకరిద్దరు వేరే షాపులకు వెళ్ళిపోయారు కూడా.

నాలుగైదేళ్ళ తరవాత ఒకసారి రేపల్లె బస్టాండులో ఆ కాలు దెబ్బతిన్నామె కనిపించింది. చంకలో సంచి, పక్కన ఎదిగిన పెద్ద కూతురు. ఇద్దరూ పెళ్ళి చీరలు కొనడానికి వచ్చారు. బాగోగులు అయ్యాక, "ఈ ఏడు ఎన్ని చక్రాలు చేశారు మేస్త్రీగారూ?" అని అడిగింది.

"తొమ్మిది జతలమ్మా."

"అన్నీ దిగి చూశారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఎనిమిదింటికి దిగాను. ఒకటి నగరం వాళ్ళది. నేను ఊళ్ళో లేనప్పుడు తొందరపడి పట్టుకెళ్ళారు."

ఆమె కూతురి వైపు చూసింది, సంచి భుజం మార్చుకుంది. "ఊడ్పులు ఇంకా అవలేదు కదండి అటేపు," అంది మెల్లిగా.

మర్నాడు పొద్దున్నే నగరం బస్సెక్కాను. ఆ రైతు దమ్ము అప్పటికి సగమే చేయించాడు. ప్యాంటు మడిచి, అతను వద్దంటున్నా వినకుండా, మడి ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిచాను. ఒకచోట మెత్తగా తగిలింది. అక్కడ నిలబడి, డ్రైవర్ని పిలిచి, బ్రేకు తొక్కి తిప్పొద్దని చెప్పాను.